కోటి విద్యల్లో కుంచె విద్య: మద్రాసు ఆర్ట్స్ స్కూలు బతుకుతెరువులు

కోటి విద్యలూ కూటి కొరకే అన్న మాటను అన్ని చదువులకూ వర్తింపజేసే పెద్దలు, కొడుకు బొమ్మలు నేర్చుకుంటానంటే మాత్రం మౌనం వహిస్తారు. ఆ విద్య కూడు పెడుతుందా లేదా అన్నది వాళ్ళకు తేలని లెక్క. మన దేశంలో ఈ లెక్క తేల్చే పని అందరికంటే ముందు మద్రాసులోని ఒక పాఠశాల మీద పడింది. 1850లో మొదలైన ఆ పాఠశాల పేర్లు మార్చుకుంటూ, చోటు మార్చుకుంటూ నేటికీ నడుస్తోంది. ఆంధ్ర ప్రాంతం మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) భాగంగా ఉన్న కాలమంతా మన జిల్లాల కుర్రవాళ్ళకు అందుబాటులో ఉన్న పెద్ద చిత్రకళా విద్యాలయం అదే. అక్కడ బొమ్మలు ఎలా నేర్పారన్న సంగతి కళాచరిత్రకారులు విస్తారంగా రాశారు. నేర్చుకున్నవాడు బయటికొచ్చి ఏ పని చేసి బతకాలని నేర్పినవారు అనుకున్నారు, చివరికి వాడు ఏ పని చేసి బతికాడు అన్న రెండు ప్రశ్నలకే ఈ వ్యాసం పరిమితం.

స్థాపకుడు చిత్రకారుడు కాదు, వైద్యుడు. ఎడిన్‌బరోలో చదివి ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్జన్‌గా మద్రాసు వచ్చిన అలెగ్జాండర్ హంటర్, బ్రాడ్వేలో సొంత పూనికతో చిత్రకళా పాఠశాల తెరిచాడు. మరుసటి ఏడే దానికి తోడుగా పారిశ్రామిక పాఠశాల ఒకటి పెట్టాడు. కొన్నేళ్ళకే ప్రభుత్వం రెంటినీ తన చేతిలోకి తీసుకుంది. ఒకే కప్పు కింద ఒకవైపు డ్రాయింగు, చెక్కమీద చెక్కి అచ్చువేసే ఎన్‌గ్రేవింగు. మరోవైపు కుండలు, పెంకులు, ఇటుకలు. హంటర్‌కు మన్ను పిచ్చి. ఈ రాజధానిలో ఎక్కడెక్కడ ఏ రకం మట్టి దొరుకుతుందో, ఏ రాయి ఏ పనికి పనికొస్తుందో ఆరా తీయించి నమూనాలు పోగుచేశాడు. విద్యార్థికి గీత గీయడం ఎంత ముఖ్యమో, ఆ గీత ఏ పదార్థం మీద నిలుస్తుందో తెలియడమూ అంతే ముఖ్యమని ఆయన నమ్మకం. పాఠశాల పుట్టిన మరుసటి ఏడు, 1851లో, లండన్‌లో మహా ప్రదర్శన జరిగింది. భారతీయ వస్త్రాలు, లోహపు పనులు చూసి ఇంగ్లండు డిజైను పండితులు ముక్కున వేలేసుకున్నారు. యంత్రాల సరుకు ముందు ఈ పనితనం బతికి ఉండాలంటే చేతివృత్తులవారికి చదువు చెప్పాలన్న వాదన అక్కడ బలపడింది. హంటర్ ఉత్సాహానికి అది కలిసివచ్చింది.

హంటర్ కాలంలో పాఠశాల పంట పండించిన పని ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. ఫోటోగ్రఫీ అప్పుడే కొత్తగా వచ్చింది. 1856లో హంటర్ పూనికతోనే మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. పాఠశాలలోనూ ఆ విద్య ప్రవేశించింది. అదే కాలంలో లీనియస్ ట్రైప్ అనే సైనికాధికారి మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా మధుర, తంజావూరు కోవెలలను పెద్ద పెద్ద కెమెరాలతో చిత్రించాడు. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు ఈ పాఠశాలతో ముడిపడిన అయ్యాస్వామి. 1860లో గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్ ఇదంతా దండగ ఖర్చని ట్రైప్ విభాగాన్ని మూసేశాడు. అయినా ఆ పనితనం వృథా కాలేదు, పాఠశాల దాన్ని అందిపుచ్చుకుంది. నీలగిరి గిరిజనుల మీద బ్రీక్స్ రాసిన గ్రంథం 1873లో వెలువడినప్పుడు అందులోని ఫోటోలు మద్రాసు ఆర్ట్స్ స్కూలువారివే. ఒక కొత్త యంత్రం ఊళ్ళోకి రాగానే దాన్ని పట్టుకోగలిగిన చేతులు అక్కడ సిద్ధంగా ఉన్నాయి. వాటిని సిద్ధం చేసినవి ఫోటోగ్రఫీ పాఠాలు ఒక్కటే కావు, అంతకుముందు చెక్కమీద నలుపు తెలుపుల్లో బొమ్మ చెక్కడానికి పడ్డ శ్రమ కూడా అని నా ఊహ.

ఆ తర్వాత కలకత్తా, బొంబాయి, లాహోర్లలోనూ ఇలాంటి పాఠశాలలు వెలిశాయి. ఇవన్నీ లండన్ సౌత్ కెన్సింగ్టన్ కళాపాఠశాల వారి పాఠ్యక్రమాన్ని ఏదో ఒక మేరకు అనుసరించాయి. ఆ పాఠ్యక్రమంలో 23 మెట్లు. మొదట కాగితం మీది గీతలను చూసి గీతలు దించాలి. పిమ్మట జ్యామితి, పరిప్రేక్ష్యం. ఆపైన ప్లాస్టరు ఆకులు, లతలు, గ్రీకు విగ్రహాల పోతలను ఎదురుగా పెట్టుకుని వెలుగునీడలు దిద్దాలి. మనిషిని చూసి బొమ్మ గీసే యోగం ఎన్నో మెట్లెక్కితే గానీ పట్టదు. ఈ పద్ధతి సృజనకు ఉరితాడు అని తర్వాతి తరాలవారు దుమ్మెత్తిపోశారు, చాలావరకు న్యాయంగానే. అయితే ఇది కళాకారుణ్ణి తయారుచేయడానికి పుట్టినది కాదు. కార్ఖానాలో నమూనాలు గీసేవాణ్ణి, సర్వే ఆఫీసులో పటాలు దించేవాణ్ణి, బడిలో డ్రాయింగు నేర్పేవాణ్ణి తయారుచేయడానికి పుట్టింది. ఆ ముగ్గురికీ కావలసింది వంకరపోని గీత.

ఆ ముగ్గురిలో మూడోవాడే మన ఊళ్ళ దాకా వచ్చాడు. 1880లలో మద్రాసు ప్రభుత్వం సాంకేతిక పరీక్షలు పెట్టి డ్రాయింగును వాటిలో చేర్చింది. లోయరు పాసైతే ఒక పత్రం, హయ్యరు పాసైతే ఇంకో పత్రం. ఆ పత్రం చేతిలో ఉంటే హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు కొలువుకు అర్హత. రాష్ట్రాలు విడిపోయినా, పేర్లు మారినా, ఈ లోయర్, హయ్యర్ పరీక్షలు ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో నిన్నమొన్నటి దాకా నడుస్తూ వచ్చాయి. కుట్టుపని, చేనేత కూడా అదే వరుసలో. ఆర్ట్స్ స్కూలు తలపెట్టిన గొప్ప పథకాలన్నింటికంటే ఈ చిన్న కాగితమే ఎక్కువ కుటుంబాలకు అన్నం పెట్టిందంటే అతిశయోక్తి కాదనుకుంటాను. ఆ మాస్టారు లెక్కల మాస్టారి కంటే తక్కువ జీతగాడు, స్టాఫు రూములో చివరి కుర్చీ ఆయనది, పీరియడు ఖాళీ అయితే ఎవరి క్లాసుకైనా పంపేది ఆయన్నే. అయినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. సాయంత్రాలు సైన్‌బోర్డులు రాసుకోవచ్చు, నాటకాల తెరలు వేసుకోవచ్చు. కళాచరిత్ర పుస్తకాల్లో ఈయనకు చోటు లేకపోవడం అన్యాయం.

పాఠశాల పెద్దల దృష్టి మాత్రం వేరే చోట ఉంది. 1870ల చివర బాధ్యతలు చేపట్టిన రాబర్ట్ చిజమ్ మద్రాసు సెనేట్ హౌస్ కట్టిన వాస్తుశిల్పి. ఆ తరహా కట్టడాలకు చెక్కడాలు, మట్టి అలంకారాలు చేసేవాళ్ళు కావాలి. పాఠశాల విద్యార్థికి యజమానిగా ఆయన కళ్ళకు కనిపించినవాడు భవన నిర్మాత. 1884లో వచ్చిన ఇ. బి. హావెల్‌కు కనిపించినవాడు ఊళ్ళలోని పనివాడు. రాజధాని అంతటా తిరిగి కంచు, ఇత్తడి, కొయ్య, నేత పనుల స్థితిగతులు పరిశీలించాడు. ఈ వృత్తులవారి పిల్లలు తమ పని మరచిపోకుండా, దానికి మెరుగు పెట్టుకోవడానికి ఇక్కడికి రావాలని ఆయన కోరిక. ఇక్కడొక చిక్కుంది. కంసాలి కొడుకు పని నేర్చుకోవాలంటే తండ్రి కొలిమి దగ్గర కూర్చుంటే చాలు, మద్రాసు రానక్కర్లేదు. మద్రాసు దాకా వచ్చినవాడు కొలిమి వదిలించుకుని గుమాస్తాగానో మాస్టారుగానో మారాలని వచ్చేవాడు. తరవాత హావెల్ కలకత్తా పాఠశాలకు వెళ్ళి, పాశ్చాత్య నమూనాలను పక్కకు నెట్టి భారతీయ పద్ధతులు నేర్పబోతే విద్యార్థులే ఎదురు తిరిగారు. దేశాభిమానం లేక కాదు. రూపచిత్రాలు వేయించుకునే జమీందారు, ప్లీడరు తైలవర్ణంలో అచ్చు గుద్దినట్టుండే ముఖాన్నే కోరుతున్నారని వాళ్ళకు తెలుసు. బజారు సంగతి గురువుకంటే శిష్యులకే బాగా తెలిసిన సందర్భాలు ఈ చరిత్రలో మళ్ళీ వస్తాయి.

హావెల్ వెళ్ళాక మద్రాసులో జరిగిన ప్రయోగం వినడానికే విడ్డూరంగా ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీ ఆచార్యుడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1898లో ఆర్ట్స్ స్కూలు పనిశాలలో అల్యూమినియం గిన్నెల తయారీ మొదలుపెట్టాడు. అప్పటికి మన వంటిళ్ళలో రాగి, ఇత్తడి, కంచు. రాగి, ఇత్తడి గిన్నెలకు ఏడాదికోసారైనా కళాయి పూయించాలి, లేకపోతే చింతపండు పులుసు చిలుమెక్కుతుంది. అల్యూమినియం తేలిక, కళాయి అవసరం లేదు, అప్పటికి ధర కూడా దిగివచ్చింది. ఇత్తడి రేకును సమ్మెటతో సాగదీసి గిన్నెగా తిప్పడం తెలిసిన పనివాళ్ళ చేతికి ఈ తెల్లటి రేకు ఇచ్చారు. మెత్తని లోహం, దెబ్బ గట్టిగా పడితే చిరుగుతుంది, వేడి ఎక్కువైతే కరిగి కూర్చుంటుంది. ఆ ఒడుపు పట్టుబడేదాకా ఎంత రేకు పాడైందో గాని, పట్టుబడ్డాక మాత్రం సరుకు జోరుగా అమ్ముడుపోయింది. 1900లో మద్రాసులో ఇండియన్ అల్యూమినియం కంపెనీ వెలిసింది. 1903లో పాఠశాల తన అల్యూమినియం విభాగాన్ని ఆ కంపెనీకే అమ్మేసింది.

ఇది కళావిద్యా అని ముఖం చిట్లించినవారున్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. విద్యార్థికి పని దొరికింది గానీ అది కూలివాడి పని. గిన్నె ఆకారం ఎలా ఉండాలో నిర్ణయించే పని అతనిది కాదు. అయినా ఒక కళాపాఠశాల పనిశాల నుంచి ఒక పరిశ్రమే పుట్టుకొచ్చిన ఉదంతం మరొకటి చూపించడం కష్టం. చాటర్టన్ ఇదే తోవలో క్రోము తోలు పదును చేయడం వంటి ప్రయోగాలకూ దిగాడు. ప్రభుత్వమే వ్యాపారం చేస్తే మేమేం కావాలని దొరల కంపెనీలు గోల పెట్టాయి. 1910లో లండన్ నుంచి భారత మంత్రి మోర్లీ, సర్కారు పరిశ్రమలు నడపడం తగదని తాఖీదు పంపాడు. నేర్పడం సర్కారు పని, నడపడం వర్తకుల పని అని తేలిపోయింది.

1917లో పాఠశాల సూపరింటెండెంటు డబ్ల్యు. ఎస్. హాడవే, మద్రాసు రాజధానిలోని నూలుబట్టల అద్దకాల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. మన బందరు, కాళహస్తి కలంకారీ గురించి తెలుసుకోగోరేవారికి అదింకా పనికొచ్చే పుస్తకం. కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టిన గుడ్డ, తుప్పు ఇనుమును బెల్లంతో పులియబెట్టి తీసిన నలుపు, పటిక పూసిన చోటనే పట్టే ఎరుపు: ఈ రసాయనమంతా పనివాళ్ళకు తరతరాలుగా తెలుసు. పాఠశాలకు అప్పుడే తెలిసింది. నేర్పడానికి కూర్చున్న సంస్థ నేర్చుకోవడానికి దిగిన అరుదైన ఘట్టంగా నేను దీన్ని చూస్తాను. దాని ఫలం పొందినవారు మాత్రం చాలా ఆలస్యంగా, వేరే రూపంలో వచ్చారు. ఆ సంగతి తర్వాత.

1929లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి వచ్చాడు. ఈ పాఠశాలకు అధిపతి అయిన తొలి భారతీయుడు. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు, శిల్పి, చిత్రకారుడు, వేటగాడు, మల్లుడు, బెంగాలీలో కథకుడు. ఈయన రాకతో పాఠశాలలో గాలి మారింది. ఇక్కడ తయారుకావలసింది పనివాడు కాదు, కళాకారుడు అన్నాడు. మెరీనా ఒడ్డున 1959లో ప్రతిష్ఠించిన శ్రమ విజయం విగ్రహంలో బండను పెల్లగిస్తున్న నలుగురిని చూసినవారికి ఆయన చేతి బిగువు తెలుస్తుంది. ఆ విగ్రహానికి నమూనాగా నిలబడినవారిలో పాఠశాల నౌకరు ఒకడున్నాడు. 1957 దాకా దేవీప్రసాద్ ఇక్కడే ఉన్నాడు. కళాకారుడు ఎలా బతకాలన్నదాని మీద ఆయనకు పథకమేదీ ఉన్నట్టు కనపడదు. విచిత్రమేమంటే ఆయన శిష్యులకే పాఠశాల చరిత్రలో అన్నిటికంటే రకరకాల కొలువులు దొరికాయి.

కారణం ఊరు. ఆ మూడు దశాబ్దాల్లో మద్రాసు నాలుగు భాషల సినిమాకూ, తెలుగు అచ్చుకూ రాజధాని అయ్యింది. స్టూడియోలకు సెట్లు కావాలి, సెట్టుకు ముందు దాని బొమ్మ కావాలి. పత్రికలకు ముఖచిత్రాలు, కథకు బొమ్మలు కావాలి. మాధవపెద్ది గోఖలే ఆ పాఠశాలలో చదివి, పత్రికలకు బొమ్మలు వేసి, కథలు రాసి, విజయావారి సినిమాల్లో కళాదర్శకుడయ్యాడు. 1957 నాటి మాయాబజార్‌కు ఆయన, కళాధర్ కళాదర్శకులు. ఆ ద్వారక చిన్న నమూనా సెట్టు. చంద్రకాంతి మార్కస్ బార్ట్లీ దీపాలది. ప్లాస్టరు పోత, కొలత, పరిప్రేక్ష్యం తెలియని చేతికి అది సాధ్యమయ్యే పని కాదు. సౌత్ కెన్సింగ్టన్ వారు కార్ఖానా కోసం తెచ్చిపెట్టిన ఎండు పాఠాలు ఘటోత్కచుడి కొలువుకు పనికొచ్చాయి.

ఇంకొకరు కె. సి. శివశంకరన్, తెలుగు పిల్లలకు ‘శంకర్’ అన్న సంతకంగా తెలిసినవాడు. దేవీప్రసాద్ దగ్గర చదివి, తమిళ పత్రికలో కొంతకాలం పనిచేసి, 1952లో చందమామలో చేరి దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయాడు. భుజాన శవంతో, చేత కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనది. ఆ బొమ్మను కాస్త దగ్గరగా చూడండి. రాజు బరువంతా ముందుకాలి మీద, శవం బరువు భుజం మీద, నడుము కొద్దిగా వంగింది. ముందు ఎముకలు, కండరాలు నేర్చుకున్నవాడి గీత అది. నెలనెలా గడువుకు బొమ్మలు అందించడం, కథలో లేని వివరం ఊహించడం, అచ్చులో గీత అలుక్కుపోకుండా వేయడం మాత్రం ఆఫీసులో నేర్చుకున్నవి. హంటర్ నాటి చెక్కబొమ్మల తరగతి అంతిమంగా కోరుకున్నది ఇలాంటి మనిషినే. నూరేళ్ళు పట్టింది.

సినిమాల దారి ఆ తర్వాతి తరంలోనూ సాగింది. తెలుగు కళాదర్శకుడు తోట వెంకటేశ్వరరావు కుమారుడు తోట తరణి అదే కళాశాలలో చిత్రకళ చదివి, నాయగన్, ఇండియన్ చిత్రాల కళాదర్శకత్వానికి జాతీయ పురస్కారాలు అందుకున్నాడు. నాయగన్‌లో ధారావి మురికివాడ మద్రాసు స్టూడియోలో లేచిందే. తండ్రి వెంట సెట్టుమీద నేర్చింది ఎంత, తరగతిలో నేర్చింది ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు. ఎస్. వి. రామారావు దారి వేరు. గుడివాడ ప్రాంతం నుంచి వచ్చి, మద్రాసులో చదివి, 1962లో లండన్ స్లేడ్ స్కూలుకు వెళ్ళి నైరూప్య చిత్రకారుడిగా విదేశాల్లోనే స్థిరపడ్డాడు.

సినిమా, పత్రిక, బడి వద్దనుకున్నవాడు ఎలా బతకాలి? తన బొమ్మ తానే వేసుకుంటానన్నవాడికి మద్రాసులో కొనేవాళ్ళేరీ? ఈ ప్రశ్నను నేరుగా ఎత్తుకున్నవాడు కె. సి. ఎస్. పణిక్కర్. ఆయనకు దీని బాధ స్వయంగా తెలుసు. పొట్టకూటికి టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి, పాతికేళ్ళ వయసులో 1936లో పాఠశాలలో విద్యార్థిగా చేరాడు. తర్వాత అక్కడే ఉపాధ్యాయుడై, దేవీప్రసాద్ వెళ్ళాక ప్రిన్సిపాలై 1967 దాకా ఉన్నాడు. ఆయన హయాంలోనే పాఠశాల కళాశాల అయ్యింది. డిప్లొమా చేతపట్టుకుని గేటు దాటిన కుర్రాడు రెండేళ్ళలో గుమాస్తాగా మారి కుంచె మూలపడేయడం ఆయన ఎన్నోసార్లు చూశాడు. చేతిపనితో బతుకు, మిగిలిన వేళ నీ కళ నీది అన్నది ఆయన చెప్పిన ఉపాయం.

1960ల మొదట్లో శిష్యులు, సహచరులతో హస్తకళల సంఘం ఒకటి కట్టారు. బాగా అమ్ముడైన సరుకు బాతిక్. తేనెమైనం, పారఫిన్ కలిపి కరిగించి, వేడివేడిగా కుంచెతో గుడ్డమీద బొమ్మ వేస్తారు. రంగుతొట్టిలో ముంచితే మైనం ఉన్న మేర రంగు పట్టదు. ఆరాక ఇంకో పొర మైనం, ఇంకో రంగు, లేతనుంచి ముదురుకు. మైనం పగిలిన చోట సన్నని జాలు గీతలు దిగుతాయి, ఆ గీతలకే కొనేవారు మురిసిపోయేవారు. చివర్లో వేడినీళ్ళలో ఉడికిస్తే మైనం పైకి తేలుతుంది. హాడవే రాసిపెట్టిన కాళహస్తి అద్దకానికి ఇది దూరపు చుట్టమే: రంగు పట్టనివ్వవలసిన చోటేదో, వద్దన్న చోటేదో ముందే తెలిసి ఉండాలి. చిత్రకారుడి చేయి పడ్డ బాతిక్‌కు బజారు బాతిక్ కంటే విలువ పలికింది. సంఘం ఆ రాబడితో మద్రాసుకు దక్షిణాన సముద్రపొడ్డున ఇంజంబాక్కంలో ఇసుకనేల కొంది. 1966లో చోళమండల్ కళాకారుల గ్రామం వెలిసింది. ఏ సర్కారూ, ఏ దాతా పూనుకుని కట్టించినది కాదు. బాతిక్ గుడ్డల మీద కట్టినది.

గ్రామం వేసినవారిలో తూర్పుగోదావరి నుంచి వచ్చిన ఎం. రెడ్డప్ప నాయుడు ఉన్నాడు. దేవతామూర్తులను, మహాభారతాన్ని ఆధునిక రేఖల్లోకి తెచ్చినవాడు. పి. వి. జానకిరామ్ రాగిరేకును సమ్మెటతో సాగదీసి, తీగలు అతికి శిల్పాలు చేశాడు. అల్యూమినియం గిన్నెలు తిప్పిన పనిశాల నుంచే ఆయనా వచ్చాడంటే పెద్ద పొరపాటు కాదు. ఈసారి ఆకారం నిర్ణయించింది రేకు కొట్టినవాడే. ఇక్కడ మెచ్చుకోలు ఒక్కటే రాస్తే చరిత్రకు అన్యాయం. చేతిపనులు అమ్ముడుపోతే కళకు పొద్దు చాలదు, పోకపోతే పొయ్యి వెలగదు. అందరి పనికీ సమానంగా ధర పలకదు. కొందరు పారిస్ వెళ్ళిపోయారు, కొందరు కళాశాలలో కొలువులు చూసుకున్నారు. మానసిక వ్యథతో కుంగిన అద్భుత రేఖాచిత్రకారుడు కె. రామానుజం గ్రామంలోనే 1973లో చిన్న వయసులో కన్నుమూశాడు. పణిక్కర్ 1977లో పోయాడు. కాలక్రమంలో బొమ్మలకే కొనుగోలుదారులు దొరకడంతో బాతిక్ వెనకబడింది, గ్రామం నిలిచింది.

పెరియమేటులోని పాత ఆవరణలో కళాశాల ఇప్పుడు విశ్వవిద్యాలయానికి అనుబంధమై డిగ్రీలు ఇస్తోంది. చిత్రకళ, శిల్పం, ముద్రణకళ, విజువల్ కమ్యూనికేషన్, వస్త్ర డిజైను, సిరామిక్ డిజైను శాఖలున్నాయి. హంటర్ పోగుచేయించిన మట్టికి, హాడవే రాసిన అద్దకానికి అలా డిగ్రీ స్థాయి దక్కింది. విజువల్ కమ్యూనికేషన్ తరగతికి ప్రకటనల సంస్థలు, యానిమేషన్ స్టూడియోలు యజమానులు. బడిలో, కళాశాలలో పాఠం చెప్పాలంటే ఇప్పటికీ కావలసింది కాగితమే. పూర్వం హయ్యర్ సరిపోయేది, ఇప్పుడు స్నాతకోత్తర పట్టా అడుగుతున్నారు.